ఫొటో లేని దండ

"సినిమావోళ్ల కుక్కకు జలుబు చేస్తే టీవీలో రోజంతా చూపిస్తారు. మనల్ని ఇన్నేళ్లు ఏడిపించి, నవ్వించినోళ్లు పోతే పేపర్లో ఒక్క ముక్క రాయరు. మనమన్నా ఒక దండ ఎయ్యకపోతే ఎట్ల?"

గంగులమ్మ విసురుగా మల్లెమాలను మూడు ముక్కలు చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం. కువైటులోని రిగ్గైలో వెంకటేశ్వరి గది. చనిపోయిన నవలా రచయితలకు నివాళి అనగానే కడప, రాయచోటి వైపువాళ్లు పదిమంది దాకా వచ్చారు.

గంగులమ్మ హవల్లీలో ఒక ఇంట్లో వంటమనిషి. ఆరు కొట్టేసరికి తిరిగి రావాలని ఆ ఇంటి యజమానురాలు, మామా, మరీ మరీ చెప్పింది. అందుకే రెండు నిమిషాలకోసారి గడియారం చూస్తోంది.

గోడకు రెండు ఫొటోలు. మూడోచోట ఫొటో లేదు. తెల్లకాగితం మీద పేరు మాత్రమే ఉంది: సౌగంధికాదేవి.

"ఈమె ఫొటో యాడా దొరకలేదక్కా. పత్రికల్లో కూడా ఎప్పుడూ వెయ్యలేదంట" అంది వెంకటేశ్వరి.

"ఈమె ఎప్పుడు పోయిందమ్మా?"

అడిగింది తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చున్న కొత్త మనిషి. నెరిసిన గడ్డం, నలిగిన చొక్కా. పేరు మునీంద్ర. అబూ హలీఫాలో ఒక బిల్డింగుకు కాపలా ఉంటాడు. టాక్సీ నడిపే రఫీ తన గదిలో ఉండే ఈ ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"తేదీ తెలీదు" అంది గంగులమ్మ. "ఇరవై ఏండ్లుగా ఒక్క కథ రాలేదు. బతికుంటే రాయకుండా ఉంటాదా?"

"రాయకపోతే పోయినట్లేనా?"

"అంత చెయ్యి తిరిగినామె ఊరికే కూచుంటాదా? నీకేం తెలుసు పెద్దాయనా!"

మునీంద్ర చిన్నగా నవ్వాడు.

"అదీ నిజమేలేమ్మా."

గంగులమ్మ మూడో కాగితానికి దండ వేసి, అందరివైపు తిరిగింది.

"నేను బడికి పోలేదు. శెట్టి అంగట్లో పొట్లాలు కట్టిన కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నా. మొదట చదివింది ఈయమ్మ సీరియలే. అందులో ఒక తల్లి నాలుగేండ్ల కూతుర్ని వదిలి పట్నానికి పనికి పోతాది. కడాకు రైలెక్కి తిరిగొస్తాది. రైలు దిగితే ఆ పాప తల్లి దగ్గరికి వచ్చిందా, రాలేదా? అది తరువాయి వారం. ఆ వారమే నేను నా బిడ్డ చిట్టిని వదిలి కువైటు విమానమెక్కినా."

గంగులమ్మ కాగితం మీద దండను సరిచేసింది.

"పోయేముందు ఈయమ్మకు కార్డు రాసినా. పత్రిక దొరకని చోటికి పోతాండా, ముగింపు ఏందో చెప్పు తల్లీ అని. జవాబు రాలేదు. రెండేండ్లకు సెలవు మీద ఇంటికి పోతే నా చిట్టి నన్ను చూసి వాళ్ల అవ్వ కొంగు వెనక దాక్కునింది. ఆ పాత పత్రిక ఎంత ఎతికినా దొరకలేదు. ఆ కథలో పాప ఏం చేసిందో తెలుసుకోవాలని ఈ పొద్దుటికీ నా పానం కొట్టుకుంటాది."

మునీంద్ర మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఆ కార్డు మీద నీ అడ్రసు రాసినావా అమ్మా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గంగులమ్మ ముఖం ఎర్రబడింది.

"చదువు లేనిదని ఎగతాళా? అడ్రసు రాయాలని నాకెవరు చెప్పినారు?"

"ఎగతాళి కాదమ్మా. ఆ కథ నాకు తెలుసు. రైలు దిగేసరికి ఆ పాప..."

"నోరుముయ్!" గంగులమ్మ అరిచింది. "చచ్చిపోయినామె కథకు నువ్వు ముగింపు కడతావా? ఆయమ్మ రాసిందే నాకు కావాల. నీ సొంత పైత్యం కాదు. యల్లా, బయటికి నడువ్!"



మునీంద్ర చెప్పులు తొడుక్కున్నాడు. మూడో కాగితం వైపు ఒకసారి చూశాడు.

"దండ బాగుండాదమ్మా" అని మెట్లు దిగిపోయాడు.

మూడు శుక్రవారాలు గడిచాయి. గంగులమ్మ మళ్లీ వెంకటేశ్వరి గదిలోకి అడుగు పెట్టేసరికి రఫీ ఎదురొచ్చాడు.

"పెద్దమ్మా, మునీంద్ర తాత పోయినాడు. మంగళవారం కుర్చీలో కూచున్నోడు కూచున్నట్లే. నిన్న పెట్టెలో పెట్టి ఊరికి పంపిచ్చినాం."

గంగులమ్మ గడపలోనే ఆగిపోయింది.

"అయ్యో! ఆ పొద్దు నేను అంతేసి మాటలన్యానే..."

"ఆయన సామాన్లో బట్టలకన్నా పాత ఉత్తరాలే ఎక్కువుండాయి. వాటి పైన ఈ కవరుండాది, నీ పేరు రాసి. పోయిన శుక్రవారమే తెస్తానన్యాడు. మళ్లీ, ఆయమ్మ కోపం ఇంకా చల్లారలేదేమో, ఇంకో వారం ఆగుదాం అన్యాడు."

కవరు మీద గుండ్రటి అక్షరాలు: హవల్లీ గంగులమ్మకు.

లోపల పచ్చబడిన పోస్టుకార్డు ఉంది. నిండా వంకర టింకర రాత. గంగులమ్మ మొదటి లైను చదివింది. చాపమీద కూలబడింది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటి తన రాతే.

పంపినవాళ్ల అడ్రసు ఉండాల్సిన ఖాళీలో కొత్త ఇంకు మెరుస్తోంది.

"గంగులమ్మా, అడ్రసు లేక ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను. ఈసారి వచ్చినప్పుడు తిట్టకుండా వింటే, ఆ పాప ఏం చేసిందో చెబుతాను."

దాని కింద, కవరు మీద ఉన్న ఆ గుండ్రటి అక్షరాలతోనే, సంతకం ఉంది: సౌగంధికాదేవి.