సాయవ్వ క్యాసెట్లు

"ఇగ క్యాసెట్ రాదే లింబాద్రన్నా" అన్నాడు వెంకట్రాములు, గుమ్మంలోనే తల వంచుకుని.

అతను ఊరి నుంచి దుబాయ్‌లో దిగి నాలుగు రోజులైంది. శుక్రవారం సెలవు చూసుకుని రాస్ అల్ ఖైమా క్వారీ క్యాంపుకు వచ్చాడు.

గదిలో వంట చేస్తున్న పర్శరాములు స్టవ్ ఆపేశాడు. లింబాద్రి గోడకు జారగిలబడి, "అవ్వా!" అని ఒక్క కేక పెట్టాడు.

మూడేళ్లుగా ఆ గదిలో ఆరుగురికీ లింబాద్రి తల్లి సాయవ్వే అవ్వ. లింబాద్రికి చదువు రాదు. సాయవ్వకూ రాదు. అందుకే ఊరి నుంచి ఎవరొచ్చినా ఆమె మాటలు నింపిన క్యాసెట్ తెచ్చేవారు. టేప్‌రికార్డర్‌ను ట్రంకుపెట్టె మీద పెట్టి, సులేమానీ చాయ్ తాగుతూ అందరూ వినేవాళ్లు. గరగరలాడే గొంతు, మధ్యలో దగ్గు, వెనకెక్కడో కోడి అరుపు.

"నన్నెన్ని తిట్లు తిట్టింది!" పర్శరాములు కళ్లు తుడుచుకున్నాడు. "'ఓ పర్శిగా, కూరల ఉప్పు గుమ్మరిస్తున్నవట, ఆ దేశంల ఉప్పు పుణ్యానికొస్తదారా?' అన్నది."

ఏడుస్తూనే అందరూ నవ్వారు.

"రంజాన్‌ల నాకోసం ఒక్కపొద్దున్నది" అన్నాడు లాల్ అహ్మద్. "'నీకు అవ్వ లేదట గద బిడ్డా, నేనున్న' అన్నది. ఆమె సూరత్ కూడా చూడలే నేను."

మొగుడు పోయాక బీడీలు చుట్టి కొడుకును పెంచిన కథ ఎన్నిసార్లు చెప్పిందో! ప్రతిసారీ చివర ఒకటే మాట. "పైలం కొడకా, కడుపు నిండ తిను."

లింబాద్రి లేచాడు.

"తలకొరివి ఎట్లాగు పెట్టలేదు. పదకొండో దినమన్న చేస్త. గుండు గీయించుకొని, ఈ సముద్రంలనే మునిగి, కాకికి నాలుగు మెతుకులు పెడ్త. క్వారీ ముదీర్ కాళ్లు పట్టుకొనైనా సెలవు తీసుకుంట. చెప్పు తమ్మీ, అవ్వ ఏ దినం పోయింది?"

వెంకట్రాములు ట్రంకుపెట్టె మీది టేప్‌రికార్డర్ వైపు చూశాడు.

"దినం తెల్వకుంటే కర్మ ఎట్ల జెయ్యాలెరా? చెప్పు!"

వెంకట్రాములు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు ఆగమైతవని ఊరంత దాచినం అన్నా. మీ అవ్వ నువ్వు విమానమెక్కిన నెలకే పోయింది, ఇప్పుడు పోయింది, అచ్చం ఆమె గొంతుతోని ఇన్నేండ్లు అవ్వ లెక్క నీతోని మాట్లాడిన నీ చిన్నమ్మ అంజవ్వ."