మడత పడవ బేరం

"ఇప్పుడు మడతపెట్టు బాబూ," అన్నారు ఫోర్‌మన్‌గారు.

సేల్స్‌మన్‌కి ఒళ్ళు మండింది. గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఆ చట్రానికి తొడుగు లాగి, పక్కల్లో గాలి కొట్టి, పన్నెండడుగుల పడవని దుకాణంలో సూట్‌కేసుల మధ్య నిలబెట్టి ఇంకా రెండు నిమిషాలు కాలేదు. బిగిస్తున్నంతసేపూ ఈయన ఆవలిస్తూ కూర్చున్నారు. విప్పే వేళకి మాత్రం జేబులోంచి నోటుపుస్తకం తీశారు.

వరసగా ఇది ఐదో శనివారం. వచ్చిన ప్రతిసారీ ఇదే కుర్చీ, ఓనరు కూర్చునే అద్దాల గదికి వీపు పెట్టి.

వీపున తగిలించుకుని బస్సెక్కి, చెరువు కనిపించిన చోట దిగి, బిగించుకుని విహరించవచ్చని కంపెనీవాళ్ళు ఊదరగొడితే, ఓనరు ముచ్చటపడి ఈ మడత పడవలు రెండు తెప్పించాడు. ఒకదాన్ని పాత సేల్స్‌మన్ వారం తిరక్కుండా అమ్మేశాడట. రెండోది ఇతని మెడకి చుట్టుకుంది.

"వాడు నోరు విప్పితే సరుకు కదిలేది. నువ్వు చేరి రెండు నెలలైంది, పడవ విప్పడం తప్ప ఏం చేశావయ్యా?" అని పొద్దున్నే కేకలేశాడు ఓనరు. "ఇవాళ ఇది పోకపోతే సోమవారం నుంచి గోడౌన్లో పెట్టెలు మోసుకో."

గోడౌన్ నిండా దుమ్ము. ఇతనికి ఉబ్బసం. ఆ సంగతి తెలిసే అన్నాడు ఓనరు.

"సార్, మడతపెట్టడం పోయిన వారం కూడా చూశారుగా?"

"చూశా. నీ వీపు అడ్డమొచ్చింది."

ఫోర్‌మన్‌గారు కుంటుతూ లేచి, కుర్చీ ఇవతలికి జరుపుకున్నారు.

"కాలికేమైంది సార్?"

"చీకట్లో లేస్తే తగిలిందిలే. నువ్వు కానీ."

సేల్స్‌మన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ముందు ఈ మూత తిప్పి గాలి తీసెయ్యాలి. గాలి ఉంటే ఏ గొట్టమూ కదలదు."

"ముందు గాలా!" ఫోర్‌మన్‌గారి మొహం వెలిగిపోయింది. రాసుకుని, కింద రెండు గీతలు గీశారు. "నేను ముందు గొట్టాలనుకున్నా."

ముప్పయ్యేళ్ళు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించిన మనిషి ఇంత మురిసిపోతుంటే సేల్స్‌మన్‌కి ఆశ పుట్టింది.

"బిల్లు రాయమంటారా సార్?"

"ఆగు. తలుపు దాటగానే గోడ ఉందనుకో. విప్పకుండా మలుపు తిరుగుతుందా ఇది?"

"విప్పకుండా ఎందుకు తిప్పుతారు సార్? మడతలున్నదే అందుకు కదా!"

అంతలో ఫోర్‌మన్‌గారి ఫోన్ మోగింది. అవతల భార్య గొంతు దుకాణమంతా వినిపించింది.

"ఇవాళైనా తేలుస్తారా, లేదా? మూణ్ణెల్లుగా సోఫాలో పడుకుని నా నడుం పడిపోయింది!"

"తేలిపోయిందే. వచ్చేస్తున్నా."

సేల్స్‌మన్‌కి విషయం అర్థమైపోయింది. ఆవిడకి ఈ బేరం ఇష్టం లేదు, అలిగి సోఫా ఎక్కింది. అడ్డంకి అక్కడుంది!

"మేడమ్‌గారితో నేను మాట్లాడనా సార్? ఇద్దరూ కూర్చోవచ్చని చెప్తా."

"వద్దొద్దు! పడవ పేరెత్తితే మండిపడుతుంది."

పడవ సంచిలోకి చేరింది. ఫోర్‌మన్‌గారు నోటుపుస్తకం జేబులో పెట్టుకుని లేచారు. "బాగా చూపించావు బాబూ. ఇంక నేను రానక్కర్లేదు."

అప్పటిదాకా పళ్ళబిగువున ఆపుకున్నదంతా కట్టలు తెంచుకుంది.

"ఐదు వారాలు సార్! ఐదు వారాలు నా ప్రాణం తోడేశారు. కొనను అని మొదటిరోజే అంటే మీ సొమ్మేం పోయేది? ఇది పోకపోతే నన్ను గోడౌన్లో వేస్తారు. ఆ దుమ్ములో నాకు ఊపిరాడదు. పాతవాడు అమ్మాడు, నేను అమ్మలేకపోయాను, అంతే!"

ఫోర్‌మన్‌గారు మొదటిసారిగా అద్దాల గది వైపు తిరిగారు.

"అమ్మడం వేరు బాబూ, నేర్పడం వేరు. పద, మీ ఓనరుతో నేను మాట్లాడతా. ముప్పయ్యేళ్ళ పరువు, పోతే పోయింది."

"ఏమని మాట్లాడతారు సార్?"

"ఆ మొదటి పడవ మా పడగ్గదిలో ఇరుక్కుపోయిందని."