మార్కులు వేయని మేడమ్

మూడోసారి కూడా వ్యాసం మార్కులు లేకుండానే తిరిగొచ్చింది.

పైన ఎర్ర ఇంకుతో రెండే మాటలు. వచ్చి కలువు.

లోహిత్‌కు ఒళ్ళు మండిపోయింది.

"మనోళ్ళే మనల్ని తొక్కుతరు రా," అన్నాడు రూమ్మేట్ సాయి కిరణ్‌తో. "వేరే సెక్షన్ల అందరు పాసైతున్నరు."

సాయి కిరణ్ లాప్‌టాప్ మూసి అటు తిరిగి పడుకున్నాడు. అసలు ఈ కోర్సు తీసుకోమన్నది వాడే. గ్రీకుల ఫిలాసఫీ అంట, టీచర్ మన తెలుగావిడే అంట, చూసీ చూడనట్టు వదిలేస్తది అన్నాడు. ఎవరో సీనియర్ రాసిన వ్యాసాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ వాడే.

లాజిస్టిక్స్ డిప్లొమా కోసం కెనడా వచ్చినవాడికి పదార్థమేమిటో, రూపమేమిటో, విత్తులోంచి మొక్క ఎలా పుడుతుందో, రెండు వేల ఏళ్ళ నాటి ఆ గొడవంతా దేనికి? కానీ ఈ ఎలెక్టివ్ పాసవకపోతే డిప్లొమా రాదు. డిప్లొమా లేకపోతే వర్క్ పర్మిట్ లేదు. పైగా మొదటి సెమిస్టర్‌లో వేరే సబ్జెక్టులో కాపీ కొట్టి ఒకసారి దొరికిపోయాడు. రెండోసారి రిపోర్ట్ పడితే కాలేజీ నుంచి తీసేస్తారు, ఇక ఇంటికి టికెట్ కొనుక్కోవడమే.

హైమావతి గారికి యాభై దాటాయి. సెమిస్టర్‌కో కాంట్రాక్టు మీద పాఠం చెప్పే మనిషి. సొంత గది కూడా లేదు, లైబ్రరీలో ఓ మూల బల్ల దగ్గర కూర్చుంటారు.

"కూర్చో బాబూ. షిఫ్ట్ ఉందా?"

"ఉండె మేడమ్. మీ కోసమే మానేసిన. ఇంకోసారి మానేస్తే రానే రావొద్దన్నరు వేర్‌హౌస్‌ల."

"మొదట ఇచ్చిన వ్యాసం నీది కాదు. రెండోది సగం నీది కాదు. ఇందులో కూడా ఒక్క పేజీయే నీది."

"ఫెయిల్ చెయ్యాలంటే చెయ్యండి మేడమ్. ఇట్ల తిప్పుడెందుకు?"

ఆవిడ వినిపించుకోలేదు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"పసుపు వేస్తరు. ఆర్మూర్ దగ్గర."

"కొమ్ము నాటిన నెలకు తవ్వి చూస్తే ఏముంటుంది?"

"ఎవడన్న తవ్వుతడా మేడమ్? చేను ఖరాబైతది."

"తవ్వితే?"

"మొలక ఉంటది. పసుపు ఇంక కాలేదు. అట్లని ఏం లేదని కూడా అనలేం. అయితుంటది."

"అదే రాయి," అన్నారావిడ. "గ్రీకులు మొదలుపెట్టారు, అరబ్బులు అందుకున్నారు, యూరప్‌లో క్రైస్తవ మఠాల వాళ్ళు వందల ఏళ్ళు కొట్లాడారు, అంతా దీని మీదే. రూపాన్ని బయటి నుంచి ఎవరైనా తెచ్చి పెడతారా, పదార్థంలోంచే మెల్లగా బయటికి వస్తుందా అని. పుస్తకం చూడకు. మీ చేను తలుచుకుని రాయి."

విసురుగా లేచొచ్చాడు లోహిత్. నాన్న చేను ఊసు ఈవిడకెందుకు?

బస్సులోనే ఫోన్ తీసి కాలేజీకి ఫిర్యాదు టైపు చేశాడు. నన్నొక్కణ్ణే పిలిచి వేధిస్తోంది, మిగతావాళ్ళకు మార్కులేసి నావి ఆపుతోంది, తెలుగులో బెదిరిస్తోంది. బెదిరించలేదని అతనికి తెలుసు. అయినా పంపేశాడు.

ఆ కసితోనే నాలుగోసారి వ్యాసం రాశాడు. పుస్తకం తెరవలేదు, గ్రూపు తెరవలేదు. పసుపు చేను గురించే రాసి, ఆవిడ బల్ల మీద పడేసి వచ్చాడు.

రెండు వారాలకు క్లాసులో ఎవరో కొత్తాయన నిలబడి ఉన్నాడు. లోహిత్ కాగితం మీద మాత్రం అదే ఎర్ర ఇంకుతో డెబ్బై ఎనిమిది మార్కులున్నాయి.

"పీడ వదిలింది," అనుకున్నాడు.

మర్నాడు స్టూడెంట్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడ పనిచేసే ఆంజనేయప్రసాద్ గారు కూర్చోమనలేదు. ఒక కాగితం ముందుకు తోశారు.

"నీ కంప్లయింట్ క్లోజ్ చేశారు. సంతకం పెట్టు."

"ఏం తేలింది సార్?"

"నీ పుణ్యాన ఆవిడ ఫైళ్ళన్నీ తీశారు. మీ ఏడుగురు ఇచ్చిన మొదటి వ్యాసం ఒక్కటే, కామాలతో సహా."

"ఏడుగురా?"

"నిన్నొక్కణ్ణే పిలిచారనుకున్నావా? ఏడుగురినీ విడివిడిగా పిలిచి మళ్ళీ మళ్ళీ రాయించారు. మీరు సిగ్గుపడి ఒకరికొకరు చెప్పుకోలేదు. మీ సాయి కిరణ్ ఐదుసార్లు రాశాడు."

"మమ్మల్ని తీసేస్తరా సార్?"

"ఎలా తీసేస్తారు? కాపీ దొరికితే ఆ రోజే రిపోర్ట్ చేయాలి. ఆవిడ చేయలేదు. రిజిస్టర్‌లో ఏడింటికీ డ్రాఫ్ట్ అని రాసి సంతకం పెట్టారు. డ్రాఫ్ట్ మీద కేసు ఉండదు."

"మరి మేడమ్?"

"రూల్ తప్పారుగా. ఇంకెక్కడి మేడమ్?" ఆయన గొంతు పెరిగింది.

లోహిత్‌కు పట్టరాని కోపం వచ్చింది. కాలేజీ మీద వచ్చింది, నోరు విప్పని సాయి కిరణ్ మీద వచ్చింది. ఎవరి మీదా నిలవక చివరికి తన మీదే పడింది. చెంపలు వాయించుకోవాలనిపించింది.

"కంప్లయింట్ వాపస్ తీసుకుంట సార్. అబద్ధమని రాసిస్త."

"ఇప్పుడా? ఆవిడ వెళ్ళి పది రోజులైంది. ఎక్కడున్నారో నాకూ తెలీదు."

"పోయేటప్పుడు మమ్మల్ని ఏమన్న తిట్టిన్రా?"

ఆంజనేయప్రసాద్ గారు ఫైలు మూసి పక్కన పెట్టారు.

"ఆ రోజు గదిలో నేనూ ఉన్నాను. ఆ ఏడు చోట్లా డ్రాఫ్ట్ కొట్టేసి కాపీ అని దిద్దితే కాంట్రాక్టు ఉంచుతామని రిజిస్టర్ ముందు పెట్టారు. ఆవిడ పెన్నుకు మూత పెట్టి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయారు."