ఎదురుపడ్డ చీమలు

పందికొక్కు తన కలుగులోకి గింజలు మోయడానికి చీమలను పనిలో పెట్టుకుంది. ఎదురుపడ్డప్పుడల్లా చీమలు క్షణం ఆగి, మూతీ మూతీ ఆనించుకుని, "బాగున్నావా?" అని పలకరించుకునేవి.

అది చూస్తే పందికొక్కుకు ఒళ్లు మండేది. "కబుర్లకా మిమ్మల్ని పెట్టుకున్నది? ఇకనుంచి ఎవరూ ఆగకూడదు!" అని కసిరింది.

చీమలు ఆగడం మానేశాయి. ఒక చీమకు కాలు విరిగితే పక్క చీమకే తెలియలేదు. మనసు విరిగి, ఒక్కొక్కటే పని వదిలేసి వెళ్లిపోయాయి.

వానలు ముంచుకొచ్చాయి. కలుగు సగం కూడా నిండలేదు. ముసలి చీమ ఒక్కటే మిగిలింది. పందికొక్కుకు గుబులేసింది. దారిపక్కన పడుకుని, మూతి నేలకు ఆనించి, "బాగున్నావా, అవ్వా?" అని మెల్లగా అడిగింది.

చీమ గింజ దించలేదు, తల తిప్పలేదు.

"ఆగకూడదు కదా, దొరా," అంటూ ముందుకు సాగిపోయింది.