నీళ్ళ బొమ్మ

నాన్న మళ్ళీ పెదాలు బిగించేశాడు. గ్లాసు దగ్గరికి తేగానే ముఖం తిప్పేసుకున్నాడు. నీళ్ళన్నీ చొక్కా మీద ఒలికాయి.

కూతురు ఉసూరుమంటూ వంటింట్లోకి వచ్చింది. తమ్ముడు అక్కడే నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

“పొద్దుట్నించీ చుక్క దిగలేదురా. సాయంత్రందాకా ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనన్నాడు డాక్టరు.”

“మళ్ళీ అక్కడికా? పోయినసారి సెలైన్ పీకేసుకుంటున్నాడని చేతులు మంచానికి కట్టేశారు కదక్కా.”

ఆమె గ్లాసు మళ్ళీ నింపింది.

“మాటలు నేర్పే మేడమ్ ఏవో బొమ్మలిచ్చిందిగా?” అన్నాడు తమ్ముడు.

“అవే చూపిస్తాను. మాట పోయినవాళ్ళకి మన వాగుడు వింటే కంగారట. నోరు మెదపకుండా బొమ్మ చూపించి ఊరుకోమంది.”

నాన్నకి మతి తప్పి చాలాకాలమైంది, మాట పోయి ఆర్నెల్లయింది. కుట్టుమిషన్ కంటే తన నోరే ఎక్కువ ఆడించిన మనిషి, పాపం.

కూతురు ఎదురుగా కూర్చుని, కిమ్మనకుండా, గ్లాసు బొమ్మ ఉన్న అట్టముక్క చూపించింది. నాన్న దాన్ని గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ళతో నలిపి చూశాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. లేచి, బల్ల మీది నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఆమె తెల్లబోయింది. మళ్ళీ బొమ్మ చూపించింది. నాన్న గబగబా తలూపి, ఆమె గడ్డం కింద చెయ్యి అడ్డం పెట్టి మరీ తాగించాడు. మూడోసారి చూపిస్తే ఇంకో గ్లాసు తెచ్చాడు.

“తాగాడా?” అన్నాడు తమ్ముడు, ఆమె వంటింట్లోకి రాగానే.

“నేను తాగాను.”

“నాన్నకి తాగించమంటే నువ్వు తాగొచ్చావేంటక్కా?”

“ఏమోరా, నాకంతా అయోమయంగా ఉంది. నామీద కోపమేమో.”

“కోపమైతే తెచ్చిస్తాడా? పోనీ, తిండి బొమ్మ చూపించు.”

“అదీ అయింది. బిస్కెట్టు నా నోట్లో కుక్కాడు.”

తమ్ముడికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. “డాక్టరు ఫోన్ చేశాడు. తీసుకొచ్చేయమంటున్నాడు.”

“ఒక్కసారి ఆగు.”

ఆమె మళ్ళీ వెళ్ళి నీళ్ళ బొమ్మే పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు జారాయి. అయినా నోరు మాత్రం విప్పలేదు.

ఆ కన్నీళ్ళు చూసి నాన్న విలవిల్లాడిపోయాడు. బొమ్మ లాక్కుని అవతల పడేశాడు. ఆమె ముఖం తనవైపు తిప్పుకుని, నన్ను చూడు అన్నట్టు గ్లాసెత్తి గడగడా తాగేశాడు. కూతురికి ప్రాణం లేచొచ్చింది.

నాన్న ఇంకా అయిపోలేదన్నట్టు ఆమె పెదాల మీద వేలు పెట్టాడు. తర్వాత ఆ వేలే తన పెదాలకి ఆనించి, నోరు తెరిచి చూపించాడు. మెడ నరాలు ఉబ్బేలా బలమంతా కూడదీసుకున్నాడు.

“నీ... ళ్ళు. అను తల్లీ... నీ... ళ్ళు.”