అడుగుల గడియారం

"గంటన్నర తిరిగస్తివి, ముల్లు గింత సుత కదలలే! యాడ కూసుంటున్నవో చెప్పు."

లీలాబాయి మొగుడి నడుముకున్న అడుగుల గడియారాన్ని లాగి కళ్ళద్దాల దగ్గర పెట్టుకుంది. మనిషి అడుగు వేసినప్పుడల్లా దాని ముల్లు జరగాలి. "జపాన్‌ది, అబద్ధమాడదు, రోజూ మీరే చూడాలి" అని డాక్టర్ కులకర్ణి ఆమె చేతికే అప్పగించాడు. కాశీనాథ్‌కు సుగరట.

"కూసునుడెక్కడిదే? కాళ్ళరిగెటట్టు నడుస్తున్న," అన్నాడు కాశీనాథ్, అన్నంలో కాకరకాయ కూర కలుపుకుంటూ. సుగరు మాట విన్ననాటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి మీదికి మరో కూర ఎక్కలేదు. పాపం, ఆయన కిక్కురుమనకుండా తింటున్నాడు.

లీలాబాయి నమ్మలేదు. పార్సిల్ ఆఫీసు కుర్చీకి అంటుకుపోయిన మనిషి ఉన్నట్టుండి నడుస్తాడా? పైగా జిలేబీ కనబడితే ఒళ్ళు మరిచే రకం. పైకి తిట్లే గానీ లోపల ఒకటే గుబులు. ఈయనకేమన్నా అయితే ఈ నాందేడ్‌లో తనకెవరున్నారు?

మర్నాడు ఆయన బయలుదేరగానే కొంగు నెత్తిన కప్పుకుని వెంటబడింది. మోకాళ్ళ నొప్పులని సందు చివరి దుకాణానికి కూడా రిక్షా ఎక్కే మనిషి! స్టేషను దాకా పోయేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. ఆయన ముందుకు సాగిపోతూనే ఉన్నాడు. "అవుతల యాడనో కూసుంటుండు," అని గొణుక్కుంటూ వెనక్కి మళ్ళింది. ఆ పూట కూడా ముల్లు కదలలేదు.

తర్వాత వజీరాబాద్ బజారు దాకా పోయింది. కొన్నాళ్ళకు గురుద్వారా దాకా. ఆమెకు ఊపిరాడనప్పుడల్లా ఆయన ఏ పాన్ డబ్బా ముందో ఆగి, గోడ మీది సినిమా పోస్టరును పరీక్షకు చదివినట్టు చదివేవాడు. వెనక్కి మాత్రం ఒక్కనాడూ తిరగలేదు.

"ఏం లీలక్కా, చిక్కినట్టున్నవ్?" అంది పక్కింటి విద్యావతి.

"మొగని రంధి," అంది లీలాబాయి దిగులుగా.

నెల తిరిగేసరికి గోదావరి ఘాటు దాకా పోయింది. అక్కడి హోటల్లో దొరికాడు దొంగ. ముందర పళ్ళెం నిండా జిలేబీ. ఎదురుగా కూర్చున్నది సాక్షాత్తు డాక్టర్ కులకర్ణి!

"ఏంది సాబ్ ఇది? సుగరు మనిషికి మీరే జిలేబీ తినిపిస్తున్నరా? నేను ఇంటికాడి నుంచి ఉరుక్కుంట అస్తుంటే..."

"వహినీ, గుడఘే కసే ఆహేత్?" డాక్టరు చల్లగా మరాఠీలో మోకాళ్ళ సంగతి అడిగాడు.

"నా మోకాళ్ళకేం రోగం? ముందుగాల ఈ గడియారం సంగతి చెప్పుండ్రి! నెల నుంచి ముల్లు కదుల్తలేదు."

డాక్టరు గడియారం అందుకుని గోటితో వెనక మూత తీశాడు. లోపల స్ప్రింగు లేదు, చక్రం లేదు. ఖాళీ డబ్బా.

లీలాబాయి ఆ డబ్బాను చూసింది. తర్వాత తను నడిచొచ్చిన దారిని చూసింది.

కాశీనాథ్ ఇంకో జిలేబీ తుంచాడు.

"నాకు సుగరెక్కడిదే? నీ నొప్పులకు నడువుమంటే నడవకపోతివి. నన్ను పట్టుకునేటందుకైతే నాశిక్ దాకైనా అస్తవని సాబ్‌కు నేనే చెప్పిన. మోకాళ్ళు నీవి బాగైనయ్, నెల దినాలు కాకరకాయ తిన్నది మాత్రం నేను!"