మైనం గుళ్ళు

"వస్తున్నాడు, చెవులు మూసుకోండి," అంటూ అస్త్రుక్ నిన్ననే చేసి ఉంచిన మైనం గుళ్ళను ప్రార్థనా మందిరంలో బల్లల వెంట పంచుతున్నాడు. జిరోనా యూదుల వీధిలో కొవ్వొత్తుల పని అతనిది. శనివారం ప్రార్థన అయ్యాక క్రైస్తవ సన్యాసి వచ్చి బోధిస్తాడు. యూదులంతా కదలకుండా వినాలని రాజుగారి ఆజ్ఞ. కూర్చున్నారో లేదో చూసే భటులున్నారు గానీ, చెవుల్లోకి తొంగి చూసేదెవరు?

ముసలి బోనఫోస్ ఒక్కడే గుళ్ళు తీసుకోలేదు. జవాబు చెప్పేవాడు వినక తప్పదు. ఈసారి సన్యాసికి సరైన జవాబు దొరికితే ఏడాదిపాటు ఈ బోధలు మాన్పిస్తానని అధికారి మాట ఇచ్చి ఉన్నాడు.

"ఇవాళ కొత్తవాడట బాబాయ్. ఇస్సాకు కథ ఎత్తుకుంటాడట. తనను బలివ్వబోయే తండ్రి వెంట కట్టెలు మోసిన ఆ కొడుకు, సిలువ మోసిన తమ దేవుడికి గుర్తేనంటాడట," అన్నాడు అస్త్రుక్.

"అననీరా. మన కథలో కొడుకు ప్రాణాలతో ఇంటికొచ్చాడు. వాడి నోరు మూయించడానికి ఆ ఒక్క మాట చాలు."

అస్త్రుక్‌కు ధైర్యం వచ్చింది. కొడుకు కోసం ఏడు రోజులు నేల మీద కూర్చుని ఏడ్చి, ఉన్న ఊరు వదిలి ఇక్కడికొచ్చిన మనిషి బోనఫోస్. ఆనాడు ఆచారం ప్రకారం చింపుకున్న అంగీని ఆరేళ్ళయినా కుట్టించుకోలేదు. వాదంలో మాత్రం ఎవరికీ లొంగేవాడు కాదు.

సన్యాసి చిన్నవాడే. అతని పెదవులు చాలాసేపు కదిలాయి. చివరికి జవాబు చెప్పమన్నట్టు చెయ్యి చాపాడు. అందరూ మైనం తీసేశారు.

బోనఫోస్ లేచాడు, నోరు తెరిచాడు, మళ్ళీ కూర్చున్నాడు. సన్యాసి ఆయన వంక చూడకుండా గబగబా వెళ్ళిపోయాడు.

"ఏం బాబాయ్, వాడి మాటలకు కరిగిపోయావా? నువ్వూ వెళ్ళి వాళ్ళలో కలుస్తావా ఏంటి?"

అనేశాక అస్త్రుక్ నాలుక కరుచుకున్నాడు. ముసలాయన ఏడు రోజులు ఏడ్చింది చచ్చిన కొడుకు కోసం కాదు, మతం మారిపోయిన కొడుకు కోసం.

"అది కాదు బాబాయ్, కొడుకు ఇంటికొచ్చాడని ఒక్క మాట అంటే పోయేది కదా. ఇక ఏడాదంతా మన పిల్లలు ఇవే వినాలి."

"తప్పు నాదేరా. వాడి ఎదురుగా ఆ మాట అనలేకపోయాను," అన్నాడు బోనఫోస్, అంగీ చిరుగును వేళ్ళతో దగ్గరికి లాక్కుంటూ. "చిన్నప్పుడు వాడికి ఆ కథ నా ఒళ్ళోనే చెప్పాను."